ఒకరు అచ్చు వేయమన్నారు, ఒకరు వద్దన్నారు: ఒక జర్నల్ పేపర్ కేస్ స్టడీ

ఒక పరిశోధనా జర్నల్‌లో నేను హ్యాండ్లింగ్ ఎడిటర్‌గా (పేపర్‌ని రివ్యూ నుంచి నిర్ణయం దాకా నడిపే ఎడిటర్‌గా) చూసిన పేపర్ కథ ఇది. జర్నల్ పేరు, దేశం, రచయితల వివరాలు ఇక్కడ ఉండవు. గుర్తుపట్టే వీలున్న కొన్ని సంగతులు మార్చాను. రివ్యూ రిపోర్టులు గోప్యమైనవి కాబట్టి వాటిలోని వాక్యాలు ఎత్తి రాయకుండా సారాంశం మాత్రమే చెబుతాను.

ఇద్దరు రివ్యూయర్లు, అంటే పేపర్‌ని చదివి అంచనా వేసే బయటి నిపుణులు, ఎదురెదురు సిఫార్సులు పంపితే చాలామంది ఎడిటర్లు వెంటనే మూడో రివ్యూయర్‌ని వెతుకుతారు. ఇక్కడా అదే జరిగింది. నెలలు గడిచాయి, పేపర్ ఉన్నచోటే ఉండిపోయింది. అది ఎందుకు కదల్లేదు, చివరికి ఏం చేస్తే కదిలింది అన్నది కొత్తగా ఎడిటర్ బాధ్యత తీసుకున్నవాళ్లకీ, పేపర్ పంపి ఎదురుచూసే రచయితలకీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేపథ్యం

పేపర్ ఒక పరిశీలనాత్మక అధ్యయనం. ప్రయోగం చేయలేదు, మనుషులు ఎలా ఉన్నారో అలాగే చూసి కొలిచారు. కొన్ని కేంద్రాల్లో పాల్గొన్నవారిని చాలాకాలం పాటు మళ్లీమళ్లీ పిలిచి ఒకే కొలత తీసుకున్నారు. ఫలానా అలవాటు ఉన్నవారిలో ఆ కొలత ఎక్కువగా ఉందన్నది వాళ్ల మొదటి వాదన. అలవాటు ఎన్నేళ్లుగా ఉంటే కొలత అంత పెరుగుతుందన్నది రెండోది. శీర్షిక ఈ రెండో వాదన మీదే పెట్టారు.

ఆన్‌లైన్ సబ్మిషన్ సిస్టమ్‌లో పేపర్ పడగానే ముందుగా చూసేది ఎడిటర్ కాదు, ఎడిటోరియల్ ఆఫీస్. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ప్రయోజనాల సంఘర్షణ గురించి ప్రకటన ఇచ్చారా, డేటా ఎక్కడ దొరుకుతుందో రాశారా, బొమ్మలు సరైన ఫార్మాట్‌లో ఉన్నాయా అని వాళ్లు చూస్తారు. ఈ పేపర్‌లో వాటికి లోటు లేదు. అయితే రాత ఇతర రచనలతో ఎంత కలుస్తుందో చూసే ఐథెంటికేట్ సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ శాతం బాగా ఎక్కువగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆ శాతాన్ని చూసి పేపర్‌ని వెనక్కి పంపేసే ఆఫీసులు ఉన్నాయి. మా ఆఫీస్‌లో ఆ పని చేసే సహోద్యోగి రిపోర్ట్ తెరిచి, ఏ మూలంతో కలుస్తోందో చూశారు. దాదాపు అంతా రచయితలు ముందే పెట్టుకున్న ప్రీప్రింట్‌తోనే (రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టే ప్రతితోనే) కలిసింది. ఆ మూలాన్ని మినహాయించి మళ్లీ చూస్తే పద్ధతుల విభాగంలో నాలుగు మామూలు వాక్యాలు తప్ప ఏమీ మిగల్లేదు. ప్రీప్రింట్ పెట్టడం మా జర్నల్‌లో అభ్యంతరం కాదు. ఎంత శాతం కలిసిందన్న దానికంటే ఏ మూలంతో కలిసిందన్నది ముఖ్యమని ఆయన ఫైలులో రాసిన నోట్ నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

తర్వాత ఎడిటర్-ఇన్-చీఫ్ చదివి, డెస్క్ మీదే తిప్పి పంపకుండా రివ్యూకి పంపవచ్చని నిర్ణయించారు. జర్నల్ పరిధిలోకి వస్తుంది, ప్రశ్న ముఖ్యమైనది, ఇంత కాలం కొనసాగించిన డేటా ఆ అంశం మీద అరుదు. ఈ మూడు కారణాలు ఆయన రాసి పెట్టారు. అవి తర్వాత అక్కరకు వచ్చాయి.

రచయితలు తమ వైపు నుంచి కొందరు రివ్యూయర్ల పేర్లు సూచించారు. ఇలాంటి సూచనల్ని కళ్లు మూసుకుని వాడకూడదు. 2015లో బయోమెడ్ సెంట్రల్ 43 పేపర్లను, అదే ఏడాది స్ప్రింగర్ 64 పేపర్లను ఉపసంహరించాయి. నిజమైన శాస్త్రవేత్తల పేర్లకు దొంగ ఈమెయిల్ అడ్రసులు తగిలించి, తమ వాళ్ల చేతనే రివ్యూలు రాయించుకున్న వ్యవహారం అది. అందుకే సూచించిన ప్రతి పేరుకీ సంస్థ పేజీలో ఉన్న ఈమెయిల్ ఏదో, ఇటీవల రచయితలతో కలిసి పేపర్ రాశారా లేదా అన్నది చూస్తాం. ఒకరు రచయితల్లో ఒకరితో ఈమధ్యే కలిసి రాశారని తేలితే ఆ పేరు పక్కన పెట్టారు. మరొకరు నిక్కమైన నిపుణులు, ఏ సంబంధమూ లేదు. ఆయనే మొదటి రివ్యూయర్ అయ్యారు. రెండో రివ్యూయర్‌ని అప్పటి హ్యాండ్లింగ్ ఎడిటర్ స్వయంగా వెతికి పట్టుకున్నారు.

సమస్య

మొదటి రివ్యూయర్ రిపోర్ట్ చిన్నది. అధ్యయనం విలువైనది, రాత బాగుంది, చిన్న మార్పులతో అచ్చు వేయవచ్చు. రెండో రివ్యూయర్ రిపోర్ట్ చాలా పొడవు, సిఫార్సు తిరస్కరణ. ఆయన ప్రధాన అభ్యంతరం ఒకటే. ఒకే మనిషి దగ్గర పలుమార్లు తీసుకున్న కొలతల్ని వేర్వేరు మనుషుల కొలతలుగా లెక్కపెట్టారు, కాబట్టి ఫలితాలకి ఉన్నట్టు చెప్పిన నమ్మకం నిజంగా లేదు. ఆ మాట రెండో పేజీలో ఎక్కడో ఉంది. దాని చుట్టూ బొమ్మల రంగుల దగ్గర్నుంచి ఉపోద్ఘాతంలో పదాల ఎంపిక దాకా ఎన్నో ఫిర్యాదులు, కొంత కటువుగా.

అప్పటి ఎడిటర్ మూడో రివ్యూయర్‌ని పిలిచారు. ఈ రోజుల్లో ఆ పని తేలిక కాదు. ఒకరి తర్వాత ఒకరు కాదంటారు, కొందరు జవాబే ఇవ్వరు, ఒప్పుకున్నవాళ్లు గడువు దాటిస్తారు. ఎట్టకేలకు వచ్చిన రిపోర్ట్ మధ్యేమార్గంగా పెద్ద సవరణ అడిగింది. దానిలో ఎక్కువ భాగం పూర్వ పరిశోధనల గురించి: ఇవి ఉదహరించలేదు, అవి చర్చించలేదు. గణాంకాల మీద ఒక్క వాక్యం కూడా లేదు.

మూడు రిపోర్టులూ కలిపి, అన్ని వ్యాఖ్యలకూ జవాబివ్వండి అన్న మామూలు ఉత్తరంతో రచయితలకి వెళ్లాయి. వాళ్లు శ్రద్ధగానే జవాబిచ్చారు. పొడవైన రెస్పాన్స్ లెటర్, ప్రతి వ్యాఖ్యకీ కృతజ్ఞతలు, కొత్త రిఫరెన్సులు, మార్చిన బొమ్మలు. కొలతల స్వతంత్రత గురించి మాత్రం పరిమితుల విభాగంలో ఒక పేరా చేర్చి, ఇది భవిష్యత్ అధ్యయనాలు పరిశీలించాల్సిన అంశం అని ముగించారు. విశ్లేషణ మారలేదు. మళ్లీ రివ్యూకి వెళ్లింది. మొదటివారు సరే అన్నారు, మూడోవారు ఇంకొన్ని రిఫరెన్సులు అడిగారు, రెండోవారు ఇంతకుముందు కంటే కోపంగా మళ్లీ తిరస్కరించమన్నారు.

ఈ దశలో ఆ ఎడిటర్ పదవీకాలం ముగిసి ఫైలు నాకు వచ్చింది. ఆయన చేసిందంతా జర్నల్ ఆనవాయితీ ప్రకారమే. ఆ ఆనవాయితీ ఇలాంటి పేపర్‌కి ఎందుకు సరిపోలేదన్నదే నన్ను ఆలోచింపజేసింది.

ఫైలు మొదటి నుంచి చదవడం

రిపోర్టులు చదివేముందు పేపర్ చదివాను, ఒరిజినల్ వెర్షన్. ఎడిటర్లు పని ఒత్తిడిలో రిపోర్టులు చదివి పేపర్‌ని పైపైన చూసే అవకాశం ఉంది. అప్పుడు రిపోర్ట్ ఎంత గట్టిగా రాశారన్నదే మన అభిప్రాయాన్ని నడిపిస్తుంది. ముందు పేపర్ చదివితే మన ప్రశ్నలు మనకి ఉంటాయి. నా ప్రశ్న కూడా కొలతల లెక్క దగ్గరే పుట్టింది. పట్టికలో కొలతల సంఖ్య పెద్దది, మనుషుల సంఖ్య అంత పెద్దది కాదు. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (నిజమైన విలువ ఉండగల పరిధి) మాత్రం చాలా సన్నగా ఉంది.

తర్వాత రిపోర్టులు. మొదటి రివ్యూయర్ రచయితలకి రాసిన భాగంలో కొత్తదేమీ లేదు. కానీ చాలా జర్నళ్ల రివ్యూ ఫారంలో ఎడిటర్‌కి మాత్రమే కనిపించే వ్యాఖ్యల పెట్టె ఒకటి ఉంటుంది. దానిలో ఆయన ఒక చిన్న వాక్యం రాశారు: గణాంక పద్ధతులు నా నైపుణ్యం పరిధిలోకి రావు, వాటిని చూడలేదు, వేరెవరైనా చూడాలి.

ఆ వాక్యంతో నా దృష్టిలో కేసు రూపమే మారిపోయింది. అంతవరకూ ఫైలులో ఇద్దరు నిపుణులు విభేదించారనే ఉంది. నిజానికి వాళ్లు దేని మీదా విభేదించలేదు. ఈ ప్రశ్న అడగదగినదా, కొలత సరిగ్గా తీశారా, ఈ రంగంలో దీనికి చోటుందా అన్న వాటికి మొదటివారు జవాబిచ్చారు. ఈ డేటా నుంచి ఈ ముగింపు వస్తుందా అన్నదానికి రెండోవారు జవాబిచ్చారు. రెండు జవాబులూ ఒకేసారి నిజం కావచ్చు. మూడో రివ్యూయర్ వీటిలో దేనికీ కాక, ఇది పూర్వ పరిశోధనతో ఎలా ముడిపడుతుంది అన్న మరో ప్రశ్నకి జవాబిచ్చారు. ముగ్గురి ముందూ పెట్టినది ఒకే ఫారం: ఈ పేపర్‌ని అంచనా వేయండి. అంత విశాలంగా అడిగితే ఎవరికి తెలిసిన వైపు నుంచి వాళ్లు చెబుతారు. చివర్లో ఉన్న అంగీకారం, సవరణ, తిరస్కరణ అనే గడులు ఆ తేడాని కప్పేసి, మూడు ఓట్లు పడ్డట్టు చూపిస్తాయి.

ఇంకో విషయం కూడా మనసులో పెట్టుకున్నాను. రచయితలు సూచించిన రివ్యూయర్లు, ఎడిటర్లు ఎంచుకున్నవారి కంటే సానుకూలంగా సిఫార్సు చేస్తారన్నది ఈ విషయం మీద వచ్చిన పరిశోధనల్లో మళ్లీమళ్లీ కనిపించింది. రిపోర్ట్ నాణ్యతలో పెద్ద తేడా ఉండదు గానీ చివరి సిఫార్సులో ఉంటుంది. కాబట్టి మొదటివారి శాస్త్రీయ వ్యాఖ్యల్ని గౌరవంగా తీసుకున్నాను, ఆయన పెట్టిన టిక్కుకి బరువు తగ్గించాను.

ఫలించని ఒక ప్రయత్నం

ముందుగా రెండో రివ్యూయర్‌కి రాశాను. మీ ప్రధాన అభ్యంతరం నాకు ముఖ్యంగా కనిపిస్తోంది, ఈ పేపర్ మీకు ఆమోదయోగ్యం కావాలంటే ఏం జరగాలి అని అడిగాను. వచ్చిన జవాబు నిరాశపరిచింది. అధ్యయనాన్ని కొత్తగా రూపకల్పన చేయాలి, అంతే. రెండుసార్లు శ్రమపడి రాసిన రిపోర్టుని రచయితలు పక్కకు నెట్టారన్న బాధ ఆయనలో ఉంది, అది సహజం. ఆ స్థితిలో ఉన్న మనిషిని మళ్లీ విశాలమైన ప్రశ్నే అడిగితే విశాలమైన జవాబే వస్తుంది. పైగా, పేపర్ భవిష్యత్తు నిర్ణయించమని ఆయన్ని అడిగినట్టయింది; ఆ పని ఎడిటర్‌ది.

తిరస్కరించాలా, కొనసాగించాలా

మూడు దారులు కనిపించాయి. మెజారిటీ సానుకూలం కాబట్టి అంగీకరించడం. తీవ్రమైన అభ్యంతరం తీరలేదు కాబట్టి తిరస్కరించడం. లేదా ఇంకో విడత.

అంగీకరించడం కుదరదు. గణాంకాలు చూడని ఇద్దరి మాట, చూసిన ఒక్కరి మాటని కొట్టివేయజాలదు.

తిరస్కరణ గురించి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే అది అన్యాయం కాదు. ఒక విడత అవకాశం ఇచ్చాం, వాడుకోలేదు. కానీ తిరస్కరణకి ముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: లోపం డేటా సేకరణలో ఉందా, విశ్లేషణలో ఉందా? సేకరణలో లోపముంటే, ఉదాహరణకి పోల్చే గ్రూపుల్ని వేర్వేరు పరికరాలతో కొలిచి ఉంటే, ఎన్ని విడతలైనా అది బాగుపడదు. రచయితల కాలాన్ని వృథా చేయకుండా వెంటనే చెప్పేయడమే మర్యాద. ఇక్కడ డేటా బాగానే ఉంది. ఎవరిని ఎప్పుడు ఏ కేంద్రంలో కొలిచారో నమోదైంది. తప్పంతా లెక్కలో ఉంది, లెక్క మళ్లీ చేయవచ్చు. తిరస్కరిస్తే వాళ్లు ఇదే విశ్లేషణని ఇంకో జర్నల్‌కి పంపుతారు. అక్కడ గణాంకాలు చూసే రివ్యూయర్ తగలకపోతే యథాతథంగా అచ్చవుతుంది. ఈ చివరి కారణం నా నిర్ణయంలో పెద్ద పాత్ర పోషించింది. మా జర్నల్ చేతులు దులుపుకోవడం వల్ల శాస్త్రానికి మేలు జరగదు.

కాబట్టి ఇంకో విడత. కానీ ముందటి విడతలాగా కాదు.

పనిచేసినది

మొదట మా జర్నల్ గణాంక సలహాదారుకి రాశాను. పేపర్ మొత్తం రివ్యూ చేయమనలేదు. ఒకే ప్రశ్న అడిగాను: ఒకే మనిషి కొలతలు, ఒకే కేంద్రం కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయన్న విషయాన్ని లెక్కలోకి తీసుకుంటే, రచయితల రెండు ముగింపుల్లో ఏది నిలిచే అవకాశం ఉంది, అది తేల్చడానికి కనీసం ఏ విశ్లేషణ కావాలి? జవాబు త్వరగా వచ్చింది, ఒక పేజీ కూడా లేదు. మిక్స్‌డ్ మోడల్ (ఇలా ముడిపడిన కొలతల్ని లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతి) వాడాలి, మనిషినీ కేంద్రాన్నీ రెండు స్థాయిలుగా పెట్టాలి, మొదటి ముగింపు నిలవవచ్చు, రెండోదాని మీద నాకు అనుమానం. ముందు ప్రశ్న ఇరుకైతే జవాబు ఎంత ఉపయోగకరంగా ఉంటుందో ఆ పేజీలో కనిపించింది.

తర్వాత డెసిషన్ లెటర్ రాశాను. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది దాని మీదే. రివ్యూయర్ల వ్యాఖ్యలన్నీ చదివి నా మాటల్లో మూడు వర్గాలుగా విడదీశాను.

తప్పనిసరి కింద ఒకే ఒక్కటి. విశ్లేషణ మళ్లీ చేయాలి, పాత ఫలితం, కొత్త ఫలితం పక్కపక్కన సప్లిమెంటరీ ఫైలులో ఇవ్వాలి, కోడ్‌నీ గుర్తింపు తీసేసిన డేటానీ రిపాజిటరీలో (ఆన్‌లైన్ నిల్వలో) పెట్టాలి, ముగింపు కొత్త ఫలితాన్ని బట్టి ఉండాలి. ఇది జరగకపోతే పేపర్ ముందుకు వెళ్లదని స్పష్టంగా రాశాను.

మార్చాల్సినవి కింద భాష. పరిశీలనాత్మక అధ్యయనంలో పెంచుతుంది, కలిగిస్తుంది లాంటి క్రియలు వాడకూడదు. సంబంధం కనిపించింది అనాలి. పరిశీలనాత్మక అధ్యయనాలకి ఉన్న స్ట్రోబ్ చెక్‌లిస్ట్ నింపి జతచేయమన్నాను.

మూడో వర్గం: కావాలంటే చేయండి, వద్దనుకుంటే ఒక వాక్యంలో కారణం చెప్పండి. మూడో రివ్యూయర్ అడిగిన రిఫరెన్సులన్నీ ఇందులోకి వెళ్లాయి. వాటిలో చాలావరకు ఒకే పరిశోధనా బృందానివి. రివ్యూయర్ తమ వాళ్ల పేపర్లు చేర్పించుకునే ప్రయత్నమని నేను తేల్చలేను, ఆ అనుమానాన్ని రచయితలతో పంచుకోవడమూ సరికాదు. కానీ సంబంధం ఉందనిపించినవి మాత్రమే చేర్చండి, చేర్చకపోవడం మా నిర్ణయాన్ని ప్రభావితం చేయదు అని రాస్తే వాళ్ల మీద ఒత్తిడి ఉండదు. మొదటి విడతలో వాళ్లు వాటన్నిటినీ చేర్చేశారు; జర్నల్ ఉత్తరంలో ఉన్న ప్రతిదీ ఆజ్ఞే అని రచయితలు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఉత్తరంలో ఇంకో వాక్యం పెట్టాను. దాని గురించి ముందు ఎడిటర్-ఇన్-చీఫ్‌తో మాట్లాడి ఒప్పించాను. కొత్త విశ్లేషణలో ఫలితం బలహీనపడినా, పోయినా, ఆ ఒక్క కారణంతో పేపర్‌ని తిరస్కరించం. ఇది రాయకపోతే రచయితలు ఎలా ఆలోచిస్తారో ఊహించుకోండి. కొత్త లెక్కలో ఫలితం పోతే పేపర్ పోతుంది, కాబట్టి ఫలితాన్ని నిలబెట్టే మోడల్ దొరికేదాకా మార్చి మార్చి చూద్దాం. నిజాయితీ గల మనుషుల్ని కూడా అటువైపు నెట్టేది జర్నల్ మౌనమే. ఫలితం ఏదైనా ఫరవాలేదన్న హామీ ముందే ఇచ్చాకే నిజమైన లెక్క అడిగే హక్కు మనకి ఉంటుంది.

కరస్పాండింగ్ ఆథర్, అంటే రచయితల తరఫున జర్నల్‌తో ఉత్తరాలు నడిపే ఆమె, నుంచి వెంటనే ఈమెయిల్ వచ్చింది. మర్యాదగానే ఉంది గానీ టెన్షన్ కనిపిస్తోంది. ఇద్దరు రివ్యూయర్లు ఒప్పుకున్నారు కదా, ఒక్కరి కోసం మొత్తం మళ్లీ చేయాలా, మా బృందంలో ఒక విద్యార్థి థీసిస్ ఈ పేపర్ మీద ఆధారపడి ఉంది.

రచయితలకి రివ్యూ కష్టంగా అనిపించడం కొత్త కాదు. 1936లో ఐన్‌స్టీన్, రోజెన్ కలిసి గురుత్వ తరంగాల మీద రాసిన పేపర్‌ని ఫిజికల్ రివ్యూ అనే జర్నల్ ఎడిటర్ జాన్ టేట్ బయటి రివ్యూకి పంపితే, ఐన్‌స్టీన్ నొచ్చుకుని పేపర్ వెనక్కి తీసుకున్నారు. తర్వాత అది మరో జర్నల్‌లో వచ్చేసరికి ముగింపు మారింది. రివ్యూయర్ ఎత్తి చూపిన లోపం నిజమైనదే. అంతటివారికే తప్పలేదు. ఈ కథ ఆ కరస్పాండింగ్ ఆథర్‌కి రాయలేదు. ఆమెకి కావలసింది కారణం. అందుకే లెక్క చూపించాను.

వందమందిని ఒక్కొక్కరిని పదిసార్లు కొలిచారనుకోండి. 1000 కొలతలు. అలవాటు ఉన్నవాళ్లని, లేనివాళ్లని పోలుస్తున్నారు, అంటే మనిషికీ మనిషికీ మధ్య పోలిక. ఒకే మనిషి కొలతల మధ్య సహసంబంధం 0.5 అయితే, 1 + (10 − 1) × 0.5 = 5.5. 1000ని దానితో భాగిస్తే, ఆ 1000 కొలతలు స్వతంత్రమైన సుమారు 182 కొలతలంత సమాచారమే ఇస్తాయి. మీ పట్టికలో ఇంటర్వల్ ఎందుకు అంత సన్నగా ఉందో దీన్నిబట్టి చూడండి అన్నాను. విద్యార్థి గడువు గురించి కూడా రాశాను: పేపర్ రివ్యూలో ఏ దశలో ఉందో తెలిపే అధికారిక ఉత్తరం జర్నల్ ఇవ్వగలదు, కావాలంటే అడగండి. ఆమె ఆ ఉత్తరం తీసుకున్నారు. తర్వాత వచ్చిన ఈమెయిల్ స్వరం మారింది. లెక్క అర్థమైంది, చేస్తున్నాం.

రివిజన్, మధ్యలో వచ్చిన కొత్త పేరు

సవరించిన పేపర్‌లో మొదటి ముగింపు నిలిచింది. అంచనా పెద్దగా మారలేదు, ఇంటర్వల్ వెడల్పయింది, అయినా సున్నా, అంటే తేడా ఏమీ లేదన్న విలువ, దాని లోపలికి రాలేదు. రెండో ముగింపు నిలవలేదు. ఇంటర్వల్ సున్నాకి రెండు వైపులా పరుచుకుంది. రచయితలు ఆ మాట సారాంశంలోనే రాశారు, శీర్షిక మార్చారు. అది తేలికైన పని కాదు. ఇన్నాళ్లు నమ్మిన వాక్యాన్ని శీర్షికలోంచి తీసేయడానికి నిబ్బరం కావాలి, వాళ్లకి అది ఉంది.

అయితే రచయితల జాబితాలో ఒక కొత్త పేరు చేరింది. రివిజన్ మధ్యలో పేరు చేరినా, తొలగినా ఎడిటర్ ఆగి చూడాలి. రచయిత స్థానాలు డబ్బుకి అమ్ముడుపోయే ముఠాలు ఉన్న కాలం ఇది. అదే సమయంలో ప్రతి కొత్త పేరునీ దొంగగా చూడకూడదు. పబ్లికేషన్ ఎథిక్స్ మీద పనిచేసే కోప్ సంస్థ ఇలాంటి సందర్భాలకి ఫ్లోచార్టులు ఇచ్చింది: ఎందుకు చేర్చారో కారణం అడగాలి, పాత రచయితలందరి నుంచీ లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలి, అంతవరకు రివ్యూ ఆపాలి. అలాగే చేశాం. కొత్త విశ్లేషణ చేసిన గణాంక నిపుణుడే ఆ కొత్త రచయిత. రచయిత హోదాకి వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన షరతులు నాలుగు: గణనీయమైన పాత్ర, రాతలో లేదా సవరణలో భాగం, చివరి వెర్షన్‌కి ఆమోదం, పనికి జవాబుదారీతనం. ఆయన నాలుగూ నెరవేర్చారు. ఒక పాత సహరచయిత సంస్థ మారడంతో అంగీకారం రావడం ఆలస్యమైంది. ఆగాం. ఆ ఒక్క సంతకం లేకుండా ముందుకు వెళ్లి ఉంటే, తర్వాత వచ్చే వివాదానికి అదే మొదలు కావచ్చు.

సవరించిన పేపర్‌ని ముగ్గురికీ పంపలేదు. గణాంక సలహాదారుకి, రెండో రివ్యూయర్‌కి మాత్రమే, అదీ ఒకే ప్రశ్నతో: మీరు లేవనెత్తిన అభ్యంతరం తీరిందా? సలహాదారు కోడ్ నడిపి చూసి తీరిందన్నారు. రెండో రివ్యూయర్ కూడా విశ్లేషణ బాగుందన్నారు. కాకపోతే రెండో ముగింపు పోయాక పేపర్‌లో కొత్తదనం తగ్గిందని, ఇక అచ్చు వేయనక్కర్లేదేమోనని చేర్చారు. ఇక్కడ ఎడిటర్-ఇన్-చీఫ్ మొదట్లో రాసి పెట్టిన మూడు కారణాలు తీసి చూశాను. ప్రశ్న ముఖ్యం, డేటా అరుదు అన్నవి అప్పుడే తేల్చుకున్నాం, అవి మారలేదు. పైగా ఫలితం తగ్గినా తిరస్కరించబోమని మాట ఇచ్చాం. అంగీకారం తెలిపి, ఎందుకు అంగీకరించామో రెండో రివ్యూయర్‌కి విడిగా వివరంగా రాశాను, ఆయన రిపోర్ట్ వల్లే ఈ పేపర్ సరైన చోటికి వచ్చిందని కూడా. రివ్యూయర్లకి ఇలాంటి ఉత్తరాలు అరుదుగా అందుతాయి. ఆయన తర్వాత కూడా మాకు రివ్యూలు చేస్తూ వచ్చారు.

అంగీకారం తర్వాత

ప్రొడక్షన్‌లో ఒకే చిక్కు వచ్చింది. కాపీ ఎడిటింగ్ అయి ప్రూఫులు వెళ్లాక, రచయితల్లో ఒకరు చర్చా విభాగంలో సంబంధం కనిపించింది అన్నదాన్ని ప్రభావం చూపుతుంది అని మార్చి పంపారు. టైప్‌సెట్టర్ దాన్ని భాషా సవరణ అనుకుని చేసేయవచ్చు. అర్థం మారే ప్రతి మార్పూ ఎడిటర్ దగ్గరికి రావాలన్న నియమం మా జర్నల్‌లో ఉండబట్టి నా కంట పడింది, ఒప్పుకోలేదు. ప్రూఫులు ముద్రణ లోపాలు దిద్దడానికే. రివ్యూలో తేలిన విషయాన్ని అక్కడ తిరగరాయకూడదు.

మరొకటి మరచిపోయే ప్రమాదం ఉంది: ప్రీప్రింట్. పాత విశ్లేషణ, పాత శీర్షికతో అది అక్కడే ఉంది, జనం చదువుతూనే ఉంటారు. కొత్త వెర్షన్ పెట్టమని, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు) రాగానే అచ్చయిన పేపర్‌కి లింక్ కలపమని అంగీకార ఉత్తరంలోనే కోరాం. వాళ్లు రెండూ చేశారు. వెర్షన్ మార్పు గమనికలో రెండో ముగింపు ఎందుకు వెనక్కి తీసుకున్నారో కూడా రాశారు.

దీని నుంచి ఏం మార్చుకున్నాం

రివ్యూయర్ల సిఫార్సుల్ని ఇప్పుడు ఓట్లుగా లెక్కపెట్టను. ఎదురెదురు రిపోర్టులు వస్తే మొదట వేసే ప్రశ్న, వీళ్లు ఒకే విషయం గురించి మాట్లాడుతున్నారా అని. చాలాసార్లు కాదు. నిజంగా ఒకే విషయం మీద విభేదిస్తే మాత్రం మూడో మనిషి కావాలి, ఆ మనిషికి ఆ విభేదాన్నే ప్రశ్నగా పంపాలి, మొత్తం పేపర్‌ని కాదు.

ఎడిటర్‌కి మాత్రమే కనిపించే పెట్టెని ముందు చదువుతాను. రచయితలకి తెలియాల్సిన విషయం దానిలో ఉంటే, రివ్యూయర్ ఎవరో బయటపడకుండా ఉత్తరంలో చెప్పడానికి ఆయన అనుమతి అడుగుతాను. ఈ కేసులో మొదటివారి ఆ ఒక్క వాక్యం సారాంశం రచయితలకి మొదటి విడతలోనే చేరి ఉంటే, ఇద్దరు ఒప్పుకున్నారు కదా అన్న వాదనకి చోటుండేది కాదు.

రచయితలకి ఒక మాట. పరిమితుల విభాగంలో పేరా చేర్చడం అభ్యంతరానికి జవాబు కాదు, లెక్క మళ్లీ చేయగలిగినప్పుడు. వ్యాఖ్యలు ఎన్నో ఉండి ఏది ముఖ్యమో తెలియకపోతే ఎడిటర్‌కి రాసి అడగండి. ఏ మార్పు మీద నిర్ణయం ఆధారపడి ఉంది అన్నది పూర్తిగా న్యాయమైన ప్రశ్న, దానికి జవాబివ్వాల్సిన బాధ్యత మాది.

మా ఆహ్వాన ఈమెయిల్ కూడా మారింది. రివ్యూకి ఒప్పుకునేటప్పుడే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాం: ఈ పేపర్‌లో ఏ భాగాలు మీరు నమ్మకంగా అంచనా వేయగలరు, ఏవి వేరొకరు చూడాలి? కొందరు ఖాళీగా వదిలేస్తారు. రాసేవాళ్లు రాసింది చూసుకుని, ఎవరూ చూడని భాగం ఏదైనా మిగిలితే దానికి తగిన మనిషిని మొదటి విడతలోనే వెతుకుతున్నాం.